రెండున్నర అంగుళాల గీత

మా నాయన వెల్డింగు చేసిన పైపులు బాగున్నాయో లేదో చెప్పే ఉద్యోగం నాది. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ, 2003 వేసవిలో యలహంక పాతూళ్ళో మా వీధి మొత్తానికీ ఈ సంగతి తెలుసు. మా అమ్మ సరోజమ్మ కొళాయి దగ్గర బిందె నిండేలోపు కనీసం ముగ్గురికైనా చెప్పనిదే ఇంటికి వచ్చేది కాదు. "తండ్రి పరీక్ష రాస్తాడు, కూతురు మార్కులేస్తాది" అని మురిసిపోయేది.

నాయన పేరు జయరామప్ప. దొడ్డబళ్ళాపురం రోడ్డులో గ్యాసు లైన్లకు పైపులు అతికే యార్డు ఒకటుండేది. అక్కడ ఆయన ఇరవయ్యారేళ్ళుగా వెల్డరు. నేను న్యూటౌన్‌లో వెంకటగిరియప్పగారి ల్యాబులో పనిచేసేదాన్ని. యార్డులో అతికిన ప్రతి జాయింటుకూ ఎక్స్‌రే తీస్తారు, మనిషి ఛాతీకి తీసినట్టే. ఆ ఫిల్ములు మా ల్యాబుకు వచ్చేవి. లోపల దీపం వెలిగే పెట్టె మీద ఫిల్ము పెట్టి భూతద్దంతో వెతకాలి. అతుకులో గాలి బుడగలున్నాయా, పగులుందా, ఇనుము కరిగి కలవకుండా ఎక్కడైనా ఖాళీ మిగిలిందా అని. బాగుంటే రిపోర్టులో ‘ఓకే’, లేకపోతే ‘రిపేరు’, కింద నా సంతకం. ఫిల్ము మూలన జాయింటు నంబరూ, దాని పక్కన వెల్డరు నంబరూ తెల్లగా పడి ఉంటాయి. నాయనది పదిహేడు. ఆ అంకె చెక్కిన చిన్న ఉక్కు గుద్దు ఒకటి ఆయన దగ్గరుండేది. జాయింటు పూర్తికాగానే పక్కన దాన్ని ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. పని ఎవరిదో పైపు మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

తండ్రి పనిని కూతురు చూడొచ్చునా అని చేరిన కొత్తలో నేనే అడిగాను. వెంకటగిరియప్పగారు నవ్వేశాడు. "ఫిల్ములో మీ నాయన మొహముంటాదా అమ్మా? గీతలుంటాయి అంతే" అన్నాడు. ల్యాబులో ఫిల్ములు చదివే పరీక్ష పాసైన మనిషిని నేనొక్కదాన్నే. ఇంకొకరిని వెతకడానికి ఆయనకు బద్ధకం. నాకూ ఆ మాట హాయిగానే అనిపించింది.

సాయంత్రం నాయన వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, తల ఎత్తకుండా "ఎట్లుండాయి?" అనేవాడు. "క్లీన్" అనేదాన్ని. "క్లీన్ గాక యాడికి పోతాయి" అనేవాడు. రెండేళ్ళుగా మా ఇద్దరికీ ఇదే మాట, ఇదే జవాబు. ఒక్కరోజూ అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ ఏడు మార్చి ఆఖర్లో ఒక ఉదయం ఇద్దరం కలిసి బస్టాపుకు వెళ్ళాం. బస్సు వచ్చి ఆగింది. నాయన నా మోచెయ్యి తట్టి, "ఇదేనా దొడ్డబళ్ళాపురం బండి?" అన్నాడు. ఎదురుగా బోర్డు ఉంది. గేదెంత అక్షరాలు.

"కనిపించలేదా నాయనా?"

"అద్దం మీద ఎండ పడింది గదా."

ఎండ ఇంకా మేడల వెనకే ఉంది. అప్పుడు ఒకటొకటీ గుర్తొచ్చాయి. పేపరు అమ్మ చేత చదివించుకుంటున్నాడు, ఆమె గొంతు బాగుంటుందని చెప్పి. అన్నంలో రాయి వస్తే ఇంతకుముందులా ఏరి పక్కన పెట్టడం లేదు, నమిలి ఉమ్ముతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఏడాదిగా ఇంతే. ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం, ఎవరికీ పట్టలేదు.

"కండ్ల డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను.

"సుమ్నె ఉండు, ఏమీ కాలేదు. పొద్దంతా మంట చూసే కండ్లు, రొంత మసక లేకుండా ఉంటాయా?"

"మరి వెల్డింగెట్ల చేస్తాండావు?"

బస్సు పోనిచ్చాడు. చెప్పాలనే ఉన్నట్టుంది, ఏడాదిగా ఎవరూ అడగలేదు. "మొదటి వరసను కండ్లతో ఎవరు చేస్తారమ్మా? చెవులతో చేస్తారు" అన్నాడు. రెండు చేతుల గుప్పిళ్ళూ ఎదురెదురుగా పెట్టి చూపించాడు. పైపుల మూతుల మధ్య చిన్న సందు వదులుతారు. మొదటి వరస వేసేటప్పుడు మంట ఆ సందులోంచి పైపు లోపలికి పోవాలి. పోతే లోపల హూ అని ఒక ఊద వినిపిస్తుంది. ఆ ఊద వినిపిస్తున్నంతసేపూ ఇనుము అడుగుదాకా కరిగి కలుస్తున్నట్టే. ఆగిందంటే పైపైన అంటుకుంటోంది తప్ప లోపల ఖాళీ. "గుడ్డోడైనా చేస్తాడు, చెవులుంటే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. భయపడాల్సినదాన్ని గర్వపడ్డాను. ఏడాదిగా పదిహేడో నంబరు ఫిల్ములన్నీ నా చేతిమీదుగానే పోయాయి కదా, అన్నీ క్లీనే.

డాక్టరు దగ్గరికి పోదామని మళ్ళీ అడగలేదు. కంట్లో పొర అని తేలితే యార్డుకు తెలుస్తుంది, తెలిస్తే ఆయన చేతికి వెల్డింగు రాడ్డు ఇవ్వరు. ఆయనకు ఇంకో పని రాదు, ఇంకో పని చేస్తూ బతకగలడని నేను ఊహించను కూడా లేను. ఆదివారమైతే ఏం చెయ్యాలో తెలియక ఇంటి గేటు ఊడదీసి మళ్ళీ బిగించే మనిషి.

ఏప్రిల్ చివర్లో పదిహేడో నంబరుది ఒక ఫిల్ము వచ్చింది. అతుకు నడిమధ్యన నల్లటి గీత, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. అలా తిన్నగా ఉంటే అడుగున ఇనుము కలవలేదని అర్థం. అంగుళం లోపల అయితే ఓకే రాయొచ్చు. అది ఒకటిన్నర అంగుళాలుంది. రిపేరు రాశాను. ఆ సాయంత్రం "ఎట్లుండాయి?" అంటే, "ఒకటి పోయినాది నాయనా" అన్నాను. చెంబు కిందపెట్టి కాసేపు పాదాలు చూసుకున్నాడు. "పోనీ. ఒకటే గదా" అన్నాడు.

మే మొదటి వారంలో ఇంకోటి. మళ్ళీ అదే గీత. మళ్ళీ రిపేరు రాశాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఏదో అడిగింది, ఆయనకు వినపడలేదు. గట్టిగా అడిగింది. "అరవద్దు, చెవులు బేజారయిపోయినాయి" అన్నాడు. "మేం అతికే చోటు పక్కనే ఇసుక కొట్టే మిషను తెచ్చి పెట్టినారు. తుప్పు దులిపేదానికి. పొద్దున్నించి సాయంత్రందాకా అదే రోద. పక్కనోడు మాట్లాడేది కూడా వినపడదు."

"ఎప్పుడు పెట్టినారు?" అన్నాను.

"పది పన్నెండు రోజులైతాది."

నేను ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూడలేదు. ఇద్దరికీ తెలిసింది. అమ్మకు తెలియలేదు, ఇంకొంచెం పప్పు వేసింది.

"మిషను జరపమని అడుగు నాయనా" అన్నాను.

"ఏమని అడగాల? నాకు చెవులు కావల్లని అడిగితే, కండ్లేమయినాయని అడగరా?"

యార్డులో రూలు ఒకటుండేది. ముప్పై రోజుల లోపల మూడు జాయింట్లు తప్పితే ఆ వెల్డరు గుద్దు వెనక్కి తీసుకుంటారు. మళ్ళీ పరీక్ష పెడతారు. ఆ పరీక్షలో మొదటి మెట్టు కంటి పరీక్ష. అంటే మూడోది తప్పితే నాయన పని అయిపోయినట్టే.

మూడో ఫిల్ము మే పద్నాలుగున వచ్చింది. జాయింటు రెండు వందల పన్నెండు. పెట్టె మీద పెట్టగానే భూతద్దం అవసరం లేకుండానే కనిపించింది. అయినా స్కేలు తీసి కొలిచాను. రెండున్నర అంగుళాలు. ఇంకోసారి కొలిచాను. గీత ఎక్కడికీ పోలేదు.

నేనేమీ తెలియక చెయ్యలేదు, ఆ మాట ఇప్పుడే చెప్పేస్తాను. ఆ పైపు ఎక్కడో ఒక ఊరి పక్కన మట్టిలో పూడుస్తారని తెలుసు. లోపల గ్యాసు ఎంత ఒత్తిడితో పోతుందో తెలుసు. పైన ఎవరో వేరుశెనగ వేసుకుంటారని, పాదుల మధ్య పిల్లను పడుకోబెట్టి కలుపు తీస్తారని కూడా తెలుసు. చదువుకునేటప్పుడు పేలిన లైన్ల ఫొటోలు చూపించారు. అవన్నీ ఆ పూట నా తలలో ఉన్నాయి. కానీ వాటివల్ల నాకేమీ కాలేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప మీద గిల్లుకుంటే తెలియదే, అట్లా ఉంది. రెండు వందల పన్నెండు ఎదురుగా ‘ఓకే’ అని రాశాను. సంతకం పెట్టాను. చేతులు కడుక్కొని వచ్చి, అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం తిన్నాను. ఊరగాయ కూడా వేసుకున్నాను.

రిపోర్టు యార్డుకు చేరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు సాయంత్రాలూ నాయన "ఎట్లుండాయి?" అని అడగలేదు. మూడో సాయంత్రం నాయన వచ్చాడు గానీ కాళ్ళు కడుక్కోలేదు. చెప్పులతోనే వాకిట్లో నిలబడ్డాడు.

"రెండు వందల పన్నెండు ఎట్లుండాది?" అన్నాడు.

నంబరు చెప్పి అడగడం అదే మొదలు.

"క్లీన్" అన్నాను.

"సరిగ్గా చూసినావా?"

"చూసినాను నాయనా. క్లీన్."

"క్లీన్ గాక యాడికి పోతాయి" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. చెప్పులు విడిచి లోపలికి పోయాడు. అన్నం సగమే తిన్నాడు. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది. నాకు అప్పుడే తెలిసిపోవాల్సింది. ఆ జాయింటు చేసినవాడు ఆయన. మధ్యలో ఊద ఆగిపోయిన సంగతి ఎక్స్‌రే కంటే ముందే ఆయనకు తెలుసు. రిపేరు అని వస్తుందని, గుద్దు పోతుందని రెండు రోజులు మనసు గట్టి చేసుకుని కూర్చున్నాడు. ‘ఓకే’ అని వచ్చింది. రిపోర్టు కింద నా సంతకం చూపించి పక్కవాడి చేత రెండుసార్లు చదివించుకున్నాడట.

సోమవారం పొద్దున ల్యాబుకు ఫోన్ వచ్చింది. యార్డులో తనిఖీలు చూసే ఇంజనీరు లక్ష్మీనారాయణగారు, రెండు వందల పన్నెండు ఫిల్ము పట్టుకుని వెంటనే రమ్మన్నాడు. చూసినవాళ్ళు కూడా రావాలన్నాడు. వెంకటగిరియప్పగారు ఓమ్ని వ్యాను తీశాడు. దారంతా, "ఏమై ఉంటాదమ్మా? నువ్వు చూసిందే గదా?" అని నాలుగుసార్లు అడిగాడు. "నేను చూసిందే" అని నాలుగుసార్లూ చెప్పాను. కిటికీలోంచి ద్రాక్ష తోటలు వెనక్కి పోతున్నాయి. ఆ కవరు నా ఒళ్ళో ఉంది.

ఇంజనీరు గదిలో నాయన గోడవారగా నిలబడి ఉన్నాడు. పనిబట్టలు, మెడలో నల్లద్దం టోపీ. నన్ను చూడలేదు. చూసినా నా మొహం ఆయనకు ఎంతవరకు కనిపించేదో నాకు తెలియదు.

లక్ష్మీనారాయణగారు గుంటూరు వైపు మనిషి. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కక్కుతున్నాడు. "చూడండి వెంకటగిరియప్పగారూ, పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఇలాంటి కేసు నేను చూళ్ళేదు" అన్నాడు. "రిపేరు రాస్తే వెల్డర్లు నా మీదికి ఫైటింగుకి వస్తారు. ఈయన రివర్సు. మీ రిపోర్టు ఓకే అంటోంది, ఈయన నా జాయింటు బాగాలేదు, కోసెయ్యండి అంటున్నాడు. పొద్దున్నుంచీ ఇదే గోల. ఆ పైపు లారీ ఎక్కకుండా అడ్డంగా నిలబడ్డాడండీ బాబూ."

"ముసలితనం సార్, అనుమానం" అని నవ్వబోయాడు వెంకటగిరియప్పగారు.

"ఫిల్ము ఇలా ఇవ్వండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది" అని ఇంజనీరు చెయ్యి చాపాడు. నేను కవరు ఇవ్వబోయాను.

"ఉండండి సార్" అన్నాడు నాయన. "మీరు చూడొద్దు. ఆ యమ్మ చెప్పల్ల."

"ఎవరు చూస్తే ఏముంది జయరామప్పా?"

"రాసింది ఆ యమ్మ. సంతకం ఆ యమ్మది. ఆ యమ్మే చెప్పల్ల."

పుట్టినప్పటి నుంచీ నన్ను పేరు పెట్టో, అమ్మా అనో పిలిచిన మనిషి. ఆ యమ్మ అన్నాడు. ఇంజనీరుకు మేం ఎవరో తెలియదు. ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూసి, దీపం పెట్టె మీట నొక్కాడు.

ఫిల్ము పెట్టాను. నాయన దగ్గరికి వచ్చాడు, ముక్కు పెట్టెకు తగిలేంత దగ్గరికి. ఆ వెలుగు ఆయన కళ్ళల్లో పడితే, రెండు కళ్ళల్లోనూ పాలచుక్క వేసినట్టు తెల్లటి పొర కనిపించింది. అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. అటూ ఇటూ వెతికాడు. ఏమీ కనిపించలేదని తెలుస్తూనే ఉంది. తల వెనక్కి తీసుకున్నాడు.

"చెప్పు" అన్నాడు.

"గీత ఉంది" అన్నాను.

"యాడ?"

"అతుకు మధ్యలో. తిన్నగా. అడుగున కలవలేదు."

"ఎంత?"

"రెండున్నర అంగుళాలు."

వెంకటగిరియప్పగారు "అయ్యో శివా" అని కుర్చీలో కూర్చుండిపోయాడు. ఇంజనీరు వంగి చూసి, రిపోర్టు కాగితం నా ముందుకు జరిపాడు.

"అయితే రాయి" అన్నాడు నాయన.

రిపోర్టు కాగితం మీద ‘ఓకే’ కొట్టేసి పక్కన ‘రిపేరు’ అని రాశాను. కొట్టివేత పక్కన మళ్ళీ సంతకం పెట్టాలి, పెట్టాను. ఏడుపు వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. నాయన జేబులోంచి పదిహేడో నంబరు గుద్దు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ అంతట మీరే చెప్పారు కదండీ, దీన్ని లెక్కలోకి తీసుకోకుండా నేను మాట్లాడతాను" అన్నాడు ఇంజనీరు. ఆయన మంచివాడే.

"మూడు తప్పినాయి సార్. నాకు కండ్లు కూడా కనిపించవు" అన్నాడు నాయన. ఆపైన, ఇంటి పేరు అడిగితే చెప్పినట్టు, "ఈ పాప నా కూతురు" అన్నాడు.

మధ్యాహ్నం బస్సులో ఇద్దరం కలిసే ఇంటికి వచ్చాం. నేను ముందు ఆడవాళ్ళ సీట్లలో, ఆయన వెనక. దిగేటప్పుడు మెట్టు తెలియక తడబడితే చెయ్యి పట్టుకోబోయాను. ఆయన కమ్మీ పట్టుకుని దిగాడు.

ఆ తర్వాత జరిగినవన్నీ జరగాల్సినవే. నేను మళ్ళీ ల్యాబుకు రానక్కర్లేదని వెంకటగిరియప్పగారు కబురు పంపాడు. రెండేళ్ళుగా నేను సంతకం పెట్టిన పదిహేడో నంబరు ఫిల్ములన్నీ అట్టపెట్టెల్లో వేరే ల్యాబుకు పోయాయి. నాలుగు వందల పైచిలుకు. నెల రోజులు కూర్చుని అన్నీ చూశారట. రెండు వందల పన్నెండు తప్ప నేను రాసినవాటిలో ఒక్కటీ తప్పు లేదని తేలింది. ఆ మాట విని నాకు సంతోషం కలగాలి. గిన్నెలు తోముతున్నాను, తోముతూనే ఉన్నాను.

ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. అమ్మ ఒక్కతే మొదటివారం, "కన్న కూతురు నీకోసం చేసింది గదా, అందరిముందర అట్ల నిలబెడతావా?" అని ఆయన్ను నిలదీసింది. అమ్మ కొళాయి దగ్గరికి బిందె తీసుకుపోవడం మానేసి నన్ను పంపేది. నేను బిందె నింపుకుని, ఎవరితో మాట్లాడకుండా వచ్చేదాన్ని. అన్నాలు తినేవాళ్ళం, దీపాలు ఆర్పేవాళ్ళం. ఒక ఇంట్లో ముగ్గురు అద్దెకున్నట్టు ఉండేది. నాయన మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. తప్పు నాదైనప్పుడు కోపం ఎంతసేపని నిలుస్తుంది.

జూన్ నెలలో ఒక కంటికి, జులైలో రెండో కంటికి ఆపరేషను అయింది. ఆసుపత్రికి తోడు నేనే వెళ్ళాను. చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు నేనే వేశాను. వెల్లకిలా పడుకుని, కళ్ళు పెద్దవి చేసి, పైకప్పు చూసేవాడు. పొర పోయిన కళ్ళు. అంత దగ్గరగా వంగినప్పుడు నా మొహం ఆయనకు బాగా కనిపించేదే. రెప్ప వాలేదాకా పైకప్పునే చూసేవాడు.

వానలు పట్టాక లక్ష్మీనారాయణగారు మనిషిని పంపించి పరీక్షకు పిలిపించాడు. కంటి పరీక్ష అయింది. రెండు పైపు ముక్కలు అతికించి చూశారు. ఇసుక మిషను రోద అట్లాగే ఉందట. ఈసారి చూసే చేశానని అమ్మతో అంటుంటే విన్నాను. పాత నంబరు మళ్ళీ ఇవ్వకూడదట, ముప్పయ్యొకటి అని కొత్త గుద్దు ఇచ్చారు.

ఆ రోజు ఆయన కాస్త తొందరగానే ఇల్లు చేరాడు. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నాకిచ్చాడు. మే నెల తర్వాత ఆయన నా చేతికి ఏదైనా ఇవ్వడం అదే మొదలు. చేటలో బియ్యం ఒక పక్కకు నెట్టి కాగితం విప్పాను. టెస్టు జాయింటు ఎక్స్‌రే రిపోర్టు. ఎక్కడా గీత లేదు, బుడగ లేదు. ‘ఓకే’. కింద నాకు తెలియని సంతకం.

"బాగుండాది నాయనా" అన్నాను. "ఎవరు చూసినారు ఫిల్ము?" అని అడిగాను.

"ఎవరో" అన్నాడు. చెప్పులు విప్పి గోడకు ఆనించి పెట్టాడు. "పూణే నుంచి వచ్చినాడంట. నన్ను చూసినోడు కాదు. నా పేరు తెలిసినోడు కాదు."

కాగితం మడిచి తిరిగి ఇచ్చాను. జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

"అందుకే నమ్మినానమ్మా" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. కొన్ని నెలల తర్వాత మొదటిసారిగా అమ్మా అని కూడా అన్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. నేను అక్కడే కూర్చుని, చేటలో బియ్యం మీద పడుతున్న నీళ్ళు ఎక్కడివా అని చూసుకున్నాను.